‘దేవుని బిడ్డ’ అన్నది దత్తత మాట

సంపాదకులకు,

కాజీపేట నుంచి హనుమకొండ దాకా తిరిగే ఆటోల అద్దాల మీద, కూటాల కరపత్రాల మీద, క్రిస్మస్ ఫ్లెక్సీల మీద ‘దేవుని బిడ్డ’ అన్న మాట కనబడుతూనే ఉంటుంది. దానికి అర్థమేమిటని సంఘంలో పదిమందిని అడిగి చూడండి. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళని ఒకరు, శుక్రవారం ఉపవాసం ఉండేవాళ్ళని ఒకరు, దశమభాగం తప్పకుండా ఇచ్చేవాళ్ళని ఒకరు, బొట్టు తీసేసినవాళ్ళని ఇంకొకరు చెబుతారు. అన్నీ మనిషి చేసే పనులే. తండ్రి చేసిన పని ఏమిటో ఎవరి జవాబులోనూ ఉండదు. బాప్తిస్మ తరగతుల్లో బోధించే మా లోపం అక్కడే ఉంది.

కొత్త నిబంధనలో సంఘాలకు ఉత్తరాలు రాసిన పౌలు దీనికి వాడింది కోర్టు మాట. గ్రీకులో ‘హుయొథెసియ’. కొత్త నిబంధన మొత్తంలో అది 5 చోట్లే వస్తుంది: రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయంలో రెండుసార్లు, 9లో ఒకసారి, గలతీయులకు 4లో, ఎఫెసీయులకు 1లో. తెలుగు బైబిల్లో రోమా 8:15 దగ్గర ‘దత్తపుత్రాత్మ’ అని, 8:23లో ‘దత్తపుత్రత్వము’ అని పెట్టారు. ఎంత మంచి మాట దొరికిందో! దత్తత అంటే ఏమిటో తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పెంపకానికి తెచ్చుకున్న పిల్లవాడు తింటాడు, పని చేస్తాడు, పంపకాల నాడు మాత్రం గోడకు ఆనుకుని నిలబడతాడు. దత్తత వచ్చినవాడు పంపకాల్లో కూర్చుంటాడు. మన విశ్వాసుల్లో చాలామంది దేవుని ఇంట్లో పెంపుడు పిల్లల్లా బతుకుతున్నారు. ఎప్పుడు బయటికి పొమ్మంటారో అన్న బెదురుతోనే సేవ చేస్తున్నారు.

రోములో దత్తత పద్ధతి విచిత్రంగా ఉండేది. కన్నతండ్రి కొడుకును మూడుసార్లు అమ్మినట్టు సాక్షుల ముందు తంతు జరిపేవారు. మూడో అమ్మకంతో అతని అధికారం తెగిపోయేది. ఆ తర్వాత న్యాయాధికారి ఎదుట కొత్త తండ్రి ‘వీడు నా కొడుకు’ అని అడిగి తీసుకునేవాడు. అప్పటి నుంచి ఇంటిపేరూ ఆస్తీ ఆ ఇంటివే. పౌలు రోమీయులకు ఉత్తరం రాసింది సుమారు క్రీ.శ. 57లో. అప్పుడు గద్దె మీద ఉన్న నీరో దత్తపుత్రుడే. 50లో క్లౌదియ చక్రవర్తి అతణ్ణి దత్తత తీసుకున్నాడు. సొంత కొడుకు ఉండగానే దత్తుడికి గద్దె దక్కింది. (నీరో ఎలాంటివాడో అది వేరే కథ.) ‘దత్తపుత్రులు’ అన్న మాట చెవిన పడగానే రోములో విన్నవాళ్ళకు వారసత్వం గుర్తుకొచ్చి ఉండాలి.

ఓరుగల్లుకూ ఇది కొత్త కాదు. రుద్రమదేవి తన కూతురు ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుంది, కాకతీయ రాజ్యం అతనికే వచ్చింది. అంతకు ముందు గణపతిదేవుడు ఆమెనే రుద్రదేవుడన్న పేరుతో కొడుకు స్థానంలో నిలిపాడు. గలతీయులకు 3:26లో ‘మీరందరు దేవుని కుమారులు’ అని చదివినప్పుడు, మరి కూతుళ్ళ మాటేమిటని ఆడపిల్లలు అడుగుతారు. రెండు వచనాలు దాటగానే పురుషుడని, స్త్రీ అని లేదని పౌలే రాశాడు. వారసుడి స్థానం కూతురికి కూడా అని అర్థం. రుద్రమను ఎరిగిన ఊళ్ళో ఈ సంగతి చెప్పడం కష్టమేమీ కాదు.

మన దేశపు చట్టం కూడా పాఠానికి పనికొస్తుంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం చెల్లుబాటయ్యే దత్తతను దత్తత తీసుకున్న తల్లిదండ్రులు రద్దు చేయలేరు, దత్తత వెళ్ళినవాడూ కాదనుకుని తిరిగి పోలేడు. ఆ చట్టం క్రైస్తవులకు వర్తించదు. క్రైస్తవ దంపతులు పిల్లలను దత్తత తీసుకోవాలంటే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద పోవాలి. 2021 సవరణ తర్వాత ఆ ఉత్తర్వు ఇచ్చేది జిల్లా కలెక్టర్. సంఘంలో పిల్లలు లేని దంపతులుంటే ఈ దారి చెప్పడం కూడా మా పనే. చాటుగా ఆసుపత్రుల దగ్గర పసికందులను తెచ్చుకోవడం నేరం.

ఇక రోమా 8:15లోనే ఉన్న ‘అబ్బా’. ఆదివార పాఠశాలలో ‘అబ్బా తండ్రీ’ అని చదవగానే పిల్లలు నవ్వుతారు. తెలుగులో అబ్బా అంటే దెబ్బ తగిలినప్పటి మాట మరి. అది యేసు మాట్లాడిన అరమేయికు భాషలో తండ్రిని పిలిచే పిలుపు. గెత్సేమనే తోటలో ప్రార్థిస్తూ ఆయన ఆ మాటే వాడాడు (మార్కు 14:36). కొందరు ప్రసంగీకులు దాన్ని ‘డాడీ’ అంటూ చంటిపిల్లల మాటగా చెబుతారు. అది సరికాదు, ఎదిగిన కొడుకులు కూడా తండ్రిని అలాగే పిలిచేవారు. మన వైపు మాటల్లో ‘బాపు’ దానికి దగ్గరగా ఉంటుంది. అరవయ్యేళ్ళ కొడుకు కూడా తండ్రిని బాపూ అనే పిలుస్తాడు, అందులో చనువూ ఉంది, మర్యాదా ఉంది.

అయితే బెల్టు షాపు నుంచి వచ్చి తల్లిని కొట్టే బాపును చూసిన పిల్లకు ఈ మాటతో పాఠం మొదలుపెట్టకూడదు. ‘దేవుడు నీ తండ్రి లాంటివాడు’ అనగానే ఆ పిల్ల బిగుసుకుపోతుంది. అలాంటి పిల్లలున్న తరగతిలో లూకా 15లోని తప్పిపోయిన కొడుకు కథతో మొదలుపెట్టాలి, పాఠం నెమ్మదిగా చెప్పాలి. ఆస్తి పంచుకుని పోయి అంతా పోగొట్టుకున్న చిన్న కొడుకు, ఇంటికి తిరిగొచ్చే దారిలో తయారు చేసుకున్న మాటల చివర ‘నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకో’ అని ఉంటుంది. ఇంటి ముందు అతను ఆ ముక్క దాకా రాకముందే తండ్రి దాసులను కేకేస్తాడు: ప్రశస్త వస్త్రం, చేతికి ఉంగరం, కాళ్ళకు చెప్పులు, క్రొవ్విన దూడ. దాసులు చెప్పుల్లేకుండా తిరిగే ఇంట్లో చెప్పులు తొడిగించడమంటే కొడుకని చాటడం. పెద్ద కొడుకు మాట కూడా వదలొద్దు. ఇన్నేళ్ళు నీకు సేవ చేస్తున్నానన్న అతని మాటకు గ్రీకులో దాస్యం చేయడమనే అర్థం. ఇల్లు వదిలి పోయినవాడూ ఇంట్లోనే ఉన్నవాడూ ఇద్దరూ తమను కూలివాళ్ళుగానే లెక్కేసుకున్నారు. సంఘంలో మొదటి రకం కన్నా రెండో రకమే ఎక్కువ.

ఎక్కువ నష్టం జరిగేది జబ్బుల దగ్గర. డయాలసిస్ మీద ఉన్న మనిషిని ‘నిజంగా దేవుని బిడ్డవైతే స్వస్థత రావాలి కదా’ అని అడిగేవాళ్ళున్నారు. రోమా 8:15లో దత్తత అయిపోయిందన్న పౌలే 8:23లో దాని కోసం ఇంకా ఎదురుచూస్తున్నామని అంటాడు, అది దేహము యొక్క విమోచనమని వివరిస్తాడు. పేరు ఇప్పుడే రాశారు, ఆస్తి చేతికి రావడానికి ఇంకా సమయముంది. అందాకా ‘మూలుగుచున్నాము’ అని అదే వచనంలో ఉంది. పౌలు వెంట తిరిగిన త్రోఫిము మిలేతులో జబ్బుతోనే ఆగిపోయాడు (2 తిమోతి 4:20), అతను దేవుని బిడ్డ కాడని పౌలు అనలేదు. మందులు ఆపమని చెప్పే బోధకుడి మాట వినొద్దు. ఇంటర్ ఫలితాల రోజుల్లో చచ్చిపోవాలనుందని చెప్పే పిల్లలకు ప్రార్థన చేయండి, ఆ వెంటనే మానసిక సమస్యలకు సాయం చేసే టెలి-మానస్ 14416కు ఫోన్ చేయించండి లేదా ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రెండోది చేయకుండా మొదటిదానితో సరిపెట్టొద్దు.

పేర్ల గొడవ ఒకటుంది. ఐలోని మల్లన్న పేరున్న ఐలయ్య, కొమురవెల్లి పేరున్న కొమురయ్య, మేడారం తల్లి పేరున్న సమ్మక్క బాప్తిస్మం నాడు అబ్రాహాము, దావీదు, మరియమ్మలైపోతారు. ఇష్టపడి పెట్టుకుంటే తప్పు లేదు. మార్చుకోకపోతే దేవుని బిడ్డ కాదనడానికి మాత్రం వాక్యంలో ఆధారం లేదు. రోమా 16:14లో హెర్మే అన్న విశ్వాసి ఉన్నాడు, అది గ్రీకు దేవుడి పేరు. అపొల్లో అన్న బోధకుడి పేరు అపోలో దేవుడి నుంచి వచ్చిందే. ఎవరూ వాళ్ళ పేర్లు మార్చలేదు. తీరా పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఒకటి, పెళ్ళి రిజిస్టరులో ఇంకొకటి ఉంటే పాస్‌పోర్టు దగ్గర తిప్పలు పడేది ఆ కుటుంబమే.

కాగితాల సంగతి వచ్చింది కాబట్టి నిజం చెప్పాలి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు 3వ పేరా ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు అందులో లేరు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు మన దగ్గర బీసీ-సీ కిందికి వస్తారు. ఎస్టీల ఉత్తర్వులో మతం నిబంధన లేదు, కాబట్టి ములుగు, మహబూబాబాద్ వైపు కోయ, లంబాడా విశ్వాసుల పరిస్థితి వేరు. ఈ తేడా న్యాయమా కాదా అన్నది పెద్ద చర్చ, అది జరుగుతూనే ఉంది. ఇదేమీ చెప్పకుండా మనిషిని నీళ్ళలో ముంచి పంపడం మోసమని మా అభిప్రాయం. దేవుని బిడ్డ అన్న గుర్తింపు తహసీల్దారు ఇచ్చేది కాదు, ఆయన తీసేయగలిగేదీ కాదు. తహసీల్దారు కాగితం మీద రాసేది మాత్రం నిజమై ఉండాలి.

కులం సంగతికొస్తే ఆ నిజం ఇంకా చేదు. పెళ్ళి సంబంధాల ప్రకటనల్లో ‘క్రిస్టియన్’ పక్కనే కులం పేరు ఉంటుంది. మన దోర్నకల్‌కు 1912లో బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీలను నిలదీశాడు: ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇప్పుడు మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. ఆ మాట ఇవాళ మన సంఘాల్లోనే ఒక వాడ మరో వాడను అడగాల్సి వస్తోంది. ఒకే తండ్రి దత్తత తీసుకున్నాడని నమ్మినవాళ్ళు సంబంధం కలుపుకోవడానికి వెనకాడితే, ఆ దత్తతను వాళ్ళు నమ్మలేదని తేలుతుంది.

కన్నవాళ్ళను ‘అన్యులు’ అని పిలవడం కూడా మానాలి. ఏథెన్సులో పౌలు ఒక గ్రీకు కవి మాటనే తీసుకుని మనమంతా దేవుని సంతానమని చెప్పాడు (అపొస్తలుల కార్యములు 17:28). సృష్టి లెక్కన ఆ మాట ఇరుగుపొరుగు అందరికీ వర్తిస్తుంది. మేడారం నుంచి బంగారం (మొక్కు బెల్లం) తెచ్చి ఇచ్చిన పొరుగింటావిడకు ఏమి చెప్పాలన్నదానికి 1 కొరింథీ 10వ అధ్యాయంలో దారి ఉంది: అర్పించినదని చెప్పి ఇస్తే తీసుకోవద్దు. ముఖం చిట్లించకుండా, చేతులు జోడించి చెబితే చాలు. తండ్రి దినాలకు పోకపోవడం, తల్లి మందుల డబ్బు ఆపి కానుక పెట్టెలో వేయడం భక్తి కాదు. మార్కు 7లో కొర్బాను, అంటే దేవునికి అర్పితం, అన్న పేరుతో అదే పని చేసినవాళ్ళను యేసు గద్దించాడు.

సంఘం మారిన ప్రతిసారీ మళ్ళీ బాప్తిస్మం తీసుకునేవాళ్ళున్నారు. ఎఫెసీయులకు 4:5 ‘బాప్తిస్మ మొక్కటే’ అంటుంది. కథోలికులు జ్ఞానస్నానం (బాప్తిస్మానికి వాళ్ళ మాట) వేసేది చెరగని ముద్ర అంటారు. శిశువులకు ఇవ్వవచ్చా, రక్షణ పోతుందా పోదా అన్న వాదాలు ఈ ఉత్తరంలో తేలేవి కావు.

మేము అడిగేది చిన్నదే. కూటంలో నమ్ముతానని చెయ్యెత్తిన వారంలోనే బాప్తిస్మం ఇవ్వొద్దు. కనీసం 6 వారాలు, వారానికి గంట, ఒక్కో గుంపులో పదిమందికి మించకుండా కూర్చోబెట్టండి. యోహాను 1:12, గలతీ 4, లూకా 15, రోమా 8 చదివించండి. ఒక వారం పూర్తిగా ఇంటివాళ్ళ గురించీ కాగితాల గురించీ కేటాయించండి. ఇరవై వచనాలు కంఠతా పట్టించే బదులు ఈ నాలుగు అర్థమయ్యేలా చెప్పండి. చివరి రోజు ఒక్కొక్కరినీ విడిగా అడగండి: ‘నిన్న తప్పు చేశావు, ఇంకా ఒప్పుకోలేదు. ఇవాళ నువ్వు ఎవరి బిడ్డవు?’ ‘ఒప్పుకునేదాకా ఎవరి బిడ్డనూ కాదు’ అన్న జవాబు వస్తే పాఠం ఎక్కలేదు, ఇంకో రెండు వారాలు ఆగండి. రిజిస్టరులో మెమోలో ఉన్న పేరే రాసి, కొత్త పేరు పెట్టుకుంటే పక్క గడిలో రాయండి.

— బాప్తిస్మ తరగతులు, ఆదివార పాఠశాల బోధనలో ఉన్న కొందరం, హనుమకొండ