పసిపిల్లల రేడియేషన్‌కు పొద్దుటి స్లాట్లే ఇవ్వాలి

సంపాదకునికి,

పిల్లల మెదడు క్యాన్సర్లలో తరచుగా కనిపించేది చిన్నమెదడులో వచ్చే మెడుల్లోబ్లాస్టోమా. గడ్డను ఆపరేషన్‌తో తీసేసినా దాని కణాలు వెన్నునీటిలో చేరి ఉండొచ్చు. అందుకే 3 ఏళ్లు దాటిన పిల్లలకు తల, వెన్ను మొత్తానికి రేడియేషన్ ఇస్తారు. వ్యాధి పాకకపోతే తలకు, వెన్నుకు 23.4 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), గడ్డ ఉన్నచోట మొత్తం 54 గ్రే. రోజుకు 1.8 గ్రే, వారానికి 5 రోజులు, 30 విడతలు. ఇది 50 రోజుల్లోపు పూర్తయిన పిల్లలే మెరుగ్గా బతికారని యూరప్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో తేలింది.

ఆ గడువు చిన్న చిన్న కారణాలకే తప్పిపోతోంది. రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా పట్టి ఉంచే మాస్క్‌ను ముఖానికి బిగిస్తే నాలుగేళ్ల బిడ్డ కదలకుండా పడుకోదు. రోజూ మత్తు ఇవ్వాలి. దానికి 6 గంటల ముందే అన్నం, పాలు, బిస్కెట్లు ఆపాలి. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు పట్టొచ్చు. ఏడుస్తోందని తెల్లవారుజామున ఒక్క బిస్కెట్ పెట్టినా ఆ రోజు విడత ఆగిపోతుంది, మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది మరి. మధ్యాహ్నం స్లాట్ ఇస్తే రోజూ పస్తే. బరువు తగ్గి మాస్క్ వదులవుతుంది. మెదడు వాపుకిచ్చే డెక్సామెథాసోన్‌తో ముఖం ఉబ్బితే అదే మాస్క్ పట్టదు. రెండింట్లో ఏది జరిగినా కొత్త మాస్క్, మళ్లీ సీటీ స్కాన్, మళ్లీ రేడియేషన్ ప్లానింగ్, ఈలోపు కొన్ని రోజులు పోతాయి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రేడియేషన్ మెషీన్ ఉన్న ప్రతి ఆసుపత్రీ పొద్దుటి మొదటి స్లాట్లు పసిపిల్లలకు కేటాయించాలి. ఆ 6 వారాలూ మత్తు డాక్టరు తప్పనిసరిగా ఉండాలి. మెషీన్ చెడినా, పండగ వచ్చినా ఆ విడత శనివారం ఇవ్వాలి. మత్తు అక్కర్లేని పెద్దపిల్లలకైతే కనీసం 6 గంటల ఎడంతో ఒకేరోజు రెండు విడతలు ఇవ్వొచ్చు.

కరెంటు (రేడియేషన్) పెడితే పిల్ల ఎదగదని మధ్యలో మానేసే తల్లిదండ్రులున్నారు. ఆ భయం ఉత్తది కాదు. ఎత్తు, థైరాయిడ్, చదువు దెబ్బతినొచ్చు. అందుకే ఒకప్పటి 36 గ్రేను కీమో తోడుతో 23.4కు తగ్గించారు. సగంలో మానేస్తే మాత్రం జబ్బు తిరగబెడుతుంది, అప్పటిదాకా పడిన కిరణాల నష్టమూ పోదు. చికిత్స పూర్తిచేయించి ఏటా ఎత్తు, థైరాయిడ్, హార్మోన్ల పరీక్షలు చేయిస్తే హార్మోన్ల లోటుకు మందులున్నాయి. చదువులో వెనకబడితే బడిలో టీచర్లకు ముందే చెప్పి సాయం అడగండి.

ఇట్లు
రేడియేషన్ విభాగం వైద్యులు, విశాఖపట్నం