ఆఫ్రికా అని రాసి వదిలేయకండి, ఊరి పేరు వేయండి

సంపాదకులు గారికి,

ఈ మధ్య పేపర్లలోనూ టీవీ స్క్రోలింగుల్లోనూ 'ఆఫ్రికాలో అల్లర్లు', 'ఆఫ్రికాలో తెలుగు యువకుడికి ప్రమాదం' అని హెడ్డింగ్ పెట్టేస్తున్నారు, దేశం పేరు ఎక్కడో నాలుగో లైన్లో ఉంటుంది, ఊరి పేరైతే ఒక్కోసారి ఉండనే ఉండదు. మన గుంటూరు, విజయవాడ వైపు నుంచి అకౌంట్స్ పనికో, ఫార్మా కంపెనీల్లోనో అక్కడికి వెళ్లిన పిల్లలు చాలామందే ఉన్నారు. ఆ హెడ్డింగ్ చూస్తే వాళ్లందరి ఇళ్లలోనూ టెన్షనే. మా బావమరిది ఉండేది లాగోస్‌లో, గొడవ జరిగింది నైరోబీలో. వాడు ఫోనెత్తేదాకా మా అత్తగారు అన్నం ముట్టలేదు.

లాగోస్ పడమటి వైపు నైజీరియాలో, నైరోబీ తూర్పు వైపు కెన్యాలో. మధ్య దూరం ఆకాశమార్గానే 3,800 కిలోమీటర్లు దాటుతుంది. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి 2,600 కూడా లేదు! దుబాయ్‌లో ఏదైనా జరిగితే హైదరాబాద్‌లో ఉన్నవాడికి ఫోన్ చేసి 'నువ్వు బాగున్నావా' అని అడుగుతామా? లాగోస్ నుంచి నైరోబీకి నేరుగా వెళ్లే విమానం దొరికినా ఐదు గంటలకు పైనే పడుతుంది, దొరక్కపోతే ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా మీదుగా వెళ్లాలి, అంటే నైరోబీని దాటి పైకెళ్లి మళ్లీ రెండు గంటలు కిందికి రావడమన్నమాట, మధ్యలో ఎయిర్‌పోర్టులో పడిగాపులు వేరే. ఆఫ్రికా దేశాల మధ్య విమానాలను స్వేచ్ఛగా తిరగనివ్వాలని 1999లో ఐవరీ కోస్ట్ రాజధాని యామూసుక్రోలో నిర్ణయించారు, 2018లో ఆఫ్రికా అంతా ఒకే విమాన మార్కెట్ అని మొదలుపెట్టారు, అయినా చాలా ఊళ్ల మధ్య ఇప్పటికీ ఇదే తిప్పలు.

ఇది తెలియక మా వీధిలో ఒకాయన, 'మీవాడు అక్కడే కదా, నైరోబీలో ఉన్న మావాడికి ఈ ఆవకాయ కాస్త ఇచ్చి రమ్మనండి' అన్నారు. ముందే ఆన్‌లైన్‌లో కెన్యా ప్రయాణ అనుమతి తీసుకోవాలి, ఎల్లో ఫీవర్ టీకా కార్డు కావాలి, టికెట్ డబ్బులు సరేసరి.

టైమింగ్స్ దగ్గర ఇంకో తికమక. టికెట్ మీద ఎక్కే ఊరి టైము, దిగే ఊరి టైము వేస్తారు. లాగోస్ గడియారం నైరోబీ కంటే రెండు గంటలు వెనక, కాబట్టి నైరోబీలో పొద్దున పదింటికి ఎక్కినవాడు లాగోస్‌లో ఒంటిగంట దాటాక దిగుతాడు, చూసేవాళ్లకి మూడు గంటల ప్రయాణంలా ఉంటుంది, అదే తిరుగు ప్రయాణం ఏడు గంటలు దాటినట్టు కనిపిస్తుంది. లాగోస్ నుంచి పక్కనే ఉన్న ఆక్రాకి (ఘనా రాజధాని, 400 కిలోమీటర్లు, గంట ప్రయాణం) పదింటికి బయల్దేరితే అక్కడ దిగేసరికీ దాదాపు పదే! మనం నైరోబీ కంటే రెండున్నర గంటలు, లాగోస్ కంటే నాలుగున్నర గంటలు ముందున్నాం. మనకి రాత్రి తొమ్మిదైతే లాగోస్‌లో సాయంత్రం నాలుగున్నర, పిల్లాడు ఆఫీసులో ఉంటాడు, ఫోనెత్తకపోతే కంగారు పడక్కర్లేదు.

ఆ ఖండం విస్తీర్ణం మన దేశానికి తొమ్మిది రెట్ల పైనే, అక్కడి దేశాలు 54. అందుకే హెడ్డింగ్‌లోనే దేశం, ఊరు రెండూ వేయండి, చోటు లేకపోతే 'ఆఫ్రికా' అన్న మాట తీసేయండి. పక్కన బొటనవేలంత మ్యాప్ వేసి ఆ ఊరు ఎక్కడుందో చుక్క పెడితే మరీ మంచిది, క్రికెట్ స్కోరుబోర్డుకి ఇచ్చే చోటులో సగం చాలు దానికి.

ఇట్లు
ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు