కొత్త సంవత్సరపు కాగితాన్ని సరిదిద్దిన మీకు మా వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

కొత్త సంవత్సరపు తీర్మానాలు, ప్రార్థన మనవులు రాసుకోవడానికి ఒక కాగితం తయారుచేస్తున్నాం, తప్పులుంటే చెప్పండి అని అడిగాం. మీరు మొహమాటం లేకుండా చెప్పారు. ఇంత సాయం పొందాక "అందరికీ ధన్యవాదాలు" అని ఒక్క ముక్కతో సరిపెట్టడం బాగుండదు. ఎవరి మాట వల్ల ఏది మారిందో, ఎందుకు మారిందో రాస్తే అలాంటి కాగితమే రాసుకునే మరొకరికి పనికొస్తుంది. పేర్లు మాత్రం రాయడం లేదు.

మొదటి వందనం లెక్క చూసిన అన్నకు. "రోజుకు మూడు అధ్యాయాలు, ఏడాదికి బైబిలంతా" అని పైనే పెద్ద అక్షరాల్లో పెట్టాం. అందరూ అనే మాటే కదా అని ఎవరూ గుణించి చూడలేదు. ఆయన గుణించారు. పాత నిబంధన 929 అధ్యాయాలు, కొత్త నిబంధన 260, కలిపి 1189. మూడు చొప్పున 365 రోజులకు అయ్యేవి 1095. ఇంకా 94 మిగులుతాయి. ఆదికాండం నుంచి వరసగా, ఒక్క రోజు తప్పకుండా చదివినవాళ్లు కూడా డిసెంబరు 31 రాత్రికి గలతీ పత్రిక 4వ అధ్యాయం దగ్గర ఆగిపోతారు. ఆత్మఫలం ఉన్నది ఆ తరవాతి అధ్యాయంలో. ఆ ఫలాల వరసలో మన బైబిల్లో "విశ్వాసము" అని ఉన్నచోట గ్రీకులో ఉన్న మాట పిస్తిస్. దానికి నమ్మకత్వం అనే అర్థం కూడా ఉంది. ఏడాదంతా నమ్మకంగా చదివినవాళ్లకు సరిగ్గా అదే అందకుండా పోతుందన్నమాట!

ఆయన ఇచ్చిన లెక్క ఇది. రోజుకు నాలుగు, వారానికి ఆరు రోజులు. అంటే వారానికి 24. ఈ లెక్కన 50 వారాల్లో పూర్తవుతుంది. వారానికో ఖాళీ రోజు, ఏడాది చివర రెండు వారాలు చేతిలో ఉంటాయి. నాలుగింటిలో మూడు పాత నిబంధన నుంచి, ఒకటి కొత్త నిబంధన నుంచి తీసుకోవాలి. 44వ వారంలో కొత్త నిబంధన అయిపోతుంది, అక్కడి నుంచి నాలుగూ పాత నిబంధనవే. ఇలా కలపడానికి కారణం ఉంది. వరసగా వెళ్తే జనవరి చివరి వారంలో నిర్గమకాండంలోని దేవుని గుడారపు కొలతలు వస్తాయి, అవి ముగిశాయో లేదో లేవీయకాండం 27 అధ్యాయాలు మొదలవుతాయి. చాలామంది చదవడం ఆపేసేది అక్కడే. రోజూ పక్కన ఒక సువార్త అధ్యాయం ఉంటే ఆ మెట్ట దాటగలుగుతారు. 119వ కీర్తన ఒక్కటే 176 వచనాలు కాబట్టి ఆ రోజుకు అదొక్కటే చాలు.

దీనికి ఆయన కలిపిన ఇంకో సలహా అన్నిటికంటే విలువైంది: బాకీ మోయవద్దు. అయిదు రోజులు తప్పితే 20 అధ్యాయాలు. ఆరో రోజు అవన్నీ, ఆ రోజువి నాలుగూ కలిపి ఒక్క బిగిన చదవబోతే కళ్లు పేజీ మీద ఉంటాయి, మనసు ఉండదు. మర్నాడు పుస్తకం తెరవబుద్ధి కాదు. ఖాళీ రోజున చదవగలిగినన్ని చదివి, మిగిలినవాటికి పెన్సిలుతో చుక్క పెట్టి, ఈ రోజు భాగానికి వచ్చేయాలి. చుక్కల పని చివరి రెండు వారాల్లో చూసుకోవచ్చు. ఎడారిలో ఇచ్చిన మన్నా అనే ఆహారాన్ని ఏ రోజుది ఆ రోజే ఏరుకోమన్నాడు దేవుడు. మర్నాటికి దాచినది పురుగు పట్టింది.

రెండో వందనం సండేస్కూలు టీచరు అక్కకు. వాగ్దాన వచనంగా యిర్మీయా 29:11 పెట్టాం. "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ" అన్న మాట కింద గీత కూడా గీశాం. ఆవిడ ఒక్కటే అడిగారు: "పదో వచనం ఎందుకు వదిలేశారు?" పదో వచనంలో ఉన్నది డెబ్బయి సంవత్సరాలు. అది బబులోనుకు చెరపట్టి తీసుకుపోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణ క్షేమం కోసం ప్రార్థన చేయండి అని అందులో ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే కన్నుమూసి ఉంటారు. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త "రెండేళ్లలో అంతా తిరిగొస్తుంది" అన్నాడు. వినడానికి ఎంత బాగుందో! ఆ మాట దేవుడిది కాదు. హనన్యా ఆ సంవత్సరమే ఏడో నెలలో చనిపోయాడు.

అక్క చెప్పినదాన్ని బట్టి ఒక పద్ధతి పెట్టుకున్నాం. వాగ్దాన వచనం రాసేముందు దాని చుట్టూ ఉన్న అధ్యాయం మొత్తం చదవాలి. ఎవరితో అన్నాడు, ఎప్పుడు అన్నాడు, ఏ షరతు మీద అన్నాడు అన్న మూడు ప్రశ్నలకు ఒక్కో లైనులో జవాబు రాయాలి. అప్పుడు ఆ వచనంలో దేవుని స్వభావం గురించి ఉన్నదేమిటో, మనం దానికి అంటించిన గడువేమిటో విడివిడిగా కనిపిస్తాయి. స్వభావం మారదు. గడువు మనం అంటించినది. జూన్‌లో "దేవుడు మాట తప్పాడు" అని కుమిలిపోయేవాళ్లలో చాలామంది విషయంలో జరిగేది ఇదే. ఆయన ఇవ్వని తేదీని ఆయన నోట పెట్టి, ఆ తేదీ దాటగానే ఆయన మీద అలుగుతాం.

మూడోది గళ్ల సంగతి. మా కాగితంలో తీర్మానాలకు ఒకటే పెద్ద గడి ఉండేది, "నా తీర్మానాలు" అని. ఒక అయ్యగారు దాన్ని మూడు చేయమన్నారు: మనవి, ఉద్దేశం, మొక్కుబడి. మనవి అంటే దేవుడు చేయాల్సింది. ఇంట్లో ఒకరి మనసు మారడం, రోగం నెమ్మదించడం, ఉద్యోగం దొరకడం లాంటివి. ఇది మన చేతిలో లేదు కాబట్టి దీని ముందు "చేస్తాను" అన్న మాట రాకూడదు. ఉద్దేశం అంటే మన చేతిలో ఉన్నది, మారితే మార్చుకోదగినది. మొక్కుబడి అంటే దేవునికి మాట ఇచ్చినది. చెల్లించి తీరాలి. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే అసలు మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5వ అధ్యాయం చెప్తుంది. అందుకని ఆ మూడో గడి చాలామందికి ఖాళీగానే ఉంటుంది, ఉండనివ్వండి అన్నారు ఆయన. కొత్త సంవత్సరం మొదటి గంటలో, పాటల ఊపులో, తెల్లారగానే గుర్తుండని మొక్కులు మొక్కడం కంటే అది నయం. యెఫ్తా ఎలా మొక్కుకున్నాడో, ఏమైందో న్యాయాధిపతులు 11లో ఉంది.

ఉద్దేశం గడిలో ఎలా రాయాలో ఒక చెల్లి నింపి చూపించింది. మేం రాసినది: "ఎక్కువగా ప్రార్థిస్తాను." ఆమె దాన్ని కొట్టేసి రాసినది: "సోమ, బుధ, శుక్రవారాలు, ఉదయం 6 గంటలకు, 15 నిమిషాలు, ఫోను పక్క గదిలో." కింద చిన్న అక్షరాల్లో: "ప్రభువు చిత్తమైతే. నిద్ర పట్టని రాత్రి తరవాత అయితే మధ్యాహ్నం, 5 నిమిషాలు." ఆ కింది లైనే మాకు బాగా నచ్చింది. పని ఎక్కడ చెడుతుందో ముందే ఊహించి, చెడిన రోజుకు చిన్న కొలత రాసి పెట్టింది. మొదటి తప్పుకే అంతా వదిలేయడం దీనివల్ల తగ్గుతుంది. వారానికి మొత్తం 45 నిమిషాలు. వారంలో ఉన్నవి 168 గంటలు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగింది శిష్యుడిగా ఉండడానికి అయ్యే ఖర్చు గురించి. ముందే లెక్క చూసుకోవడం ఇక్కడా పనికొస్తుంది.

"ప్రభువు చిత్తమైతే" అన్నది ఆహ్వాన పత్రికల చివర మర్యాదకు రాసే మాట కాదని ఇంకొకరు గుర్తుచేశారు. యాకోబు 4లో వర్తకులు వేసుకున్న పథకం చూడండి: ఊరు ఉంది, గడువు ఉంది (అదీ సరిగ్గా ఒక సంవత్సరమే), పని ఉంది, లాభం ఉంది. యాకోబు తప్పుపట్టింది పథకాన్ని కాదు, అందులో లేని ఒక్క మాటను. ఆ మాట వెంటనే వచ్చేది "మనము బ్రదికియుండి" అనే. ఇది గుర్తుచేసినవారే పంపిన మరో సంగతి: రోజుకు నాలుగు అధ్యాయాల పట్టిక ఒకటి రాబర్ట్ ముర్రే మెక్‌షెయిన్ అనే స్కాట్లాండ్ కాపరి 1842లో తన సంఘం కోసం తయారుచేశాడు. కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు, మిగతాది ఒకసారి. ఆ పట్టికతోపాటే దానివల్ల వచ్చే ప్రమాదాలూ రాశాడు: మనసు పెట్టకుండా నామకార్థం చదవడం, చదివామన్న గర్వం, అజాగ్రత్త, మోయలేని కాడి అయిపోవడం. 1843 మార్చిలో, ముప్పై ఏళ్లు నిండకముందే, మెక్‌షెయిన్ చనిపోయాడు. ఆ పట్టిక ఇప్పటికీ వాడుతున్నారు.

వెనకవైపు మేం ఖాళీగా వదిలేశాం. "అక్కడ పోయిన సంవత్సరం రాయాలి, అదీ ముందువైపు కంటే ముందు రాయాలి" అన్నది ఒక పెద్దాయన మాట. యొర్దాను దాటాక యెహోషువ గోత్రానికి ఒకటి చొప్పున పన్నెండు రాళ్లు నిలబెట్టించాడు. అలాగే నెలకో రాయి, పన్నెండు గళ్లు. గళ్లలో "దేవుడు ఎంతో ఆశీర్వదించాడు" అని రాస్తే అది రాయి కాదు, ఇసుక. తేదీ, సంగతి, ఎవరి ద్వారా వచ్చింది, మనం అడిగిన తీరులోనే వచ్చిందా లేక వేరేలానా అన్న నాలుగూ ఉండాలి. పిల్లలు "ఈ రాళ్లెందుకు?" అని అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. రాయి దొరకని నెల ఉంటే అక్కడ ఏడుపే రాయండి అన్నారు, అబద్ధం రాయొద్దు. విలాపవాక్యములు మూడో అధ్యాయంలో 18వ వచనం దగ్గర ఆశ పోయింది. 21వ వచనంలో జ్ఞాపకం చేసుకోగా ఆశ పుట్టింది. ఆ తరవాతే "నీవు ఎంతైన నమ్మదగినవాడవు" వచ్చింది. యెరూషలేము కూలిపోయిన దుఃఖంలో పుట్టిన మాట అది. సమూయేలు ఎబెనెజెరు రాయి నిలబెట్టినప్పుడు అన్నదీ "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అనే. ఇకముందు సంగతి ఆ రాయి మీద లేదు.

అసలు చిక్కు మాత్రం వేరేచోట ఉంది. "తీర్మానం మార్చుకుంటే అవిశ్వాసమా?" అని మేం అడిగిన ప్రశ్నకు పది రకాల జవాబులొచ్చాయి. అన్నిట్లో తూకంగా అనిపించినది పౌలు ప్రయాణం గురించి రాసినవారిది. కొరింథుకు వచ్చి కొంతకాలం ఉంటానని, "ప్రభువు సెలవైతే" అని కలిపి మరీ, మొదటి పత్రిక చివర రాశాడు పౌలు. తరవాత అనుకున్న ప్రయాణం మారింది. నిలకడలేనివాడని మాట పడాల్సి వచ్చింది. రెండో పత్రిక మొదటి అధ్యాయంలో అతను జవాబిచ్చిన తీరు చూడండి. తన ప్రయాణం మారిందని ఒప్పుకున్నాడు, ఎందుకు రాలేదో కారణం చెప్పాడు: వాళ్లను నొప్పించకుండా ఉండడానికి. దేవుని వాగ్దానాలు మాత్రం అవును, కాదు అని ఊగేవి కావు, క్రీస్తులో అవి అవుననే ఉన్నాయి అన్నాడు. తన మాట మారిన సంగతి మాట్లాడుతూనే దేవుని నమ్మకత్వాన్ని నిలబెట్టాడు. కాబట్టి కాగితం మీద ఉద్దేశం మారితే రబ్బరుతో చెరపకుండా ఒక్క గీత కొట్టి, పక్కన తేదీ, కారణం రాయమన్నారు. బద్ధకం వల్ల మార్చామా, ప్రేమ వల్ల మార్చామా అన్నది కారణం రాసేటప్పుడు చేతికే తెలిసిపోతుంది.

రాసినవి మళ్లీ మళ్లీ చూసుకోవడం గురించి కొద్దిగా. జొనాతన్ ఎడ్వర్డ్స్ అనే అమెరికా బోధకుడు 1720లలో రాసుకున్న 70 తీర్మానాల పైన, దేవుని సహాయం లేకుండా తానేమీ చేయలేనని ముందు ఒప్పుకుని, వాటిని వారానికోసారి చదవాలని తనకు తానే రాసుకున్నాడు. మనకు 70 అక్కర్లేదు, మూడు చాలు. వారానికోసారి, అయిదు నిమిషాలు.

ఉపవాసం గడి తీసేశాం. చక్కెర జబ్బుకు మందులు వాడేవాళ్లు, గర్భవతులు, పాలిచ్చే తల్లులు పక్కవాళ్లను చూసి ఉపవాసం ఉండబోతే ప్రమాదమని, డాక్టరును అడగకుండా అది అందరి కాగితం మీద ఉండకూడదని ఒక నర్సు అక్క గట్టిగా చెప్పారు. ఆమెకు ప్రత్యేకంగా వందనాలు.

హెబ్రీ తెలిసిన తమ్ముడు ఒకరు విలాపవాక్యములులో "నమ్మదగిన" అన్నచోట హెబ్రీలో ఉన్న మాట ఎమూనా అని, అదే మాట నిర్గమకాండం 17లో మోషే చేతుల గురించి వస్తుందని రాశాడు. చేతులు బరువెక్కాయి, కూర్చోవడానికి రాయి వేశారు, ఒకపక్క అహరోను, ఇంకోపక్క హూరు పట్టుకున్నారు, సూర్యుడు అస్తమించేదాకా చేతులు నిలకడగా ఉన్నాయి. ఆ నిలకడే ఎమూనా. తీర్మానం రాసేవాళ్లు పక్కన ఇద్దరి పేర్లు రాసుకునే గడి దాన్నిబట్టే పుట్టింది. ఒక్కరు చాలరు, ఆ ఒక్కరూ ఊళ్లో లేని వారం ఉంటుంది.

చివరగా అచ్చుకు వెళ్లేముందు రాత్రి పదకొండింటికి ఫోను చేసి లేపినవారికి. ఉద్దేశం గడి పైన సామెతలు 16:9 రావాలి, మనిషి యోచించుకుంటాడు, యెహోవా నడత స్థిరపరుస్తాడు అన్నది. అంకెలు తారుమారై 19:6 పడింది. వచనం తీసి చూశాం: "దాతకు అందరు స్నేహితులే."