25వ తేదీ తెల్లవారుజామున ష్రైన్‌కి వెళ్తున్నాం

అందరికీ నమస్కారం. ఏప్రిల్ 25, ఆంజాక్ డే, అంటే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ యుద్ధవీరులను తలుచుకునే రోజు. మెల్‌బోర్న్‌లోని యుద్ధ స్మారకం ష్రైన్ ఆఫ్ రిమెంబ్రెన్స్ దగ్గర డాన్ సర్వీస్‌కి (తెల్లవారుజామున జరిగే నివాళి కార్యక్రమం) మన గ్రూప్ నుంచి వెళ్తున్నాం. సర్వీస్ ఉదయం 5:30కి. కార్లు సరిగ్గా 4 గంటలకు బయల్దేరతాయి. మన ఫంక్షన్ల టైమింగ్ కాదండీ, నిజంగానే 4!

"అంత చీకట్లో ఎందుకు?" అని చాలామంది అడిగారు. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువు తరచూ తెల్లవారే వేళకే మీద పడేవాడు. అందుకని సైనికులను చీకట్లోనే లేపి, తుపాకులతో కందకాల్లో నిలబెట్టేవాళ్లు. దాన్ని స్టాండ్-టు అంటారు. 1915లో టర్కీలోని గల్లిపోలి ఒడ్డున ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులు దిగిందీ తెల్లవారుజామునే. ఆ రోజే మన భారతదేశపు పర్వత ఫిరంగి దళాలూ దిగాయి. కంచరగాడిదల మీద నీళ్లు, మందుగుండు మోసిందీ మనవాళ్లే. పిల్లలకు ఈ ముక్క తప్పక చెప్పండి.

బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ (అమరులకు వీడ్కోలు రాగం) వాయించాక మౌనం ఉంటుంది. అప్పుడు ఫోన్ వెలుగు కూడా వద్దు. చివర్లో చప్పట్లు కొట్టరు.

అమరుల జ్ఞాపకంగా చొక్కాకు పెట్టుకోవడానికి రోజ్‌మేరీ రెమ్మలు నేను తెస్తాను, మా పెరట్లో పొదలా పెరిగింది. గల్లిపోలి కొండల మీదా అదే మొక్క. తాతగారి మిలిటరీ పతకాలు ఇంట్లో ఉంటే కుడివైపు పెట్టుకోండి. ఎడమవైపు సొంతంగా సాధించినవాళ్లకే.

కార్లో సీటు కావాలంటే 23వ తేదీ రాత్రిలోపు ఇక్కడే పేరు పెట్టండి. స్వెటర్ మర్చిపోవద్దు, చలి గట్టిగానే ఉంటుంది. ఫ్లాస్కులో టీ ఎవరు తెస్తారు?