పెద్ద పిల్లల దత్తతకు 25 ఏళ్ల తేడా అడ్డు కాకూడదు

సంపాదకులు గారికి నమస్కారం.

టెక్సస్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మా చెల్లెలి కూతురికి 27 ఏళ్లు, అల్లుడికి 29. పెళ్లయి నాలుగేళ్లు నిండాయి. పిల్లలు కలగరని డాక్టర్లు తేల్చి చెప్పాక, ఇద్దరూ పగలంతా పనిలో ఉంటారు గనుక పసికందు కన్నా బడికి వెళ్లే వయసున్న పాపను, అదీ మన దేశపు పాపనే తెచ్చుకుందామని నిర్ణయించుకున్నారు. అయిదారేళ్ల పాపకు వాళ్లు అర్హులు కారని, రెండేళ్లు దాటని బిడ్డకు మాత్రమే దరఖాస్తు చేసుకోవచ్చని తెలిసినప్పుడు ఆ పిల్ల నాకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడలేకపోయింది. ఈ నిబంధన గురించే నాలుగు మాటలు రాస్తున్నాను.

కేంద్ర దత్తత వనరుల సంస్థ, అంటే అందరూ ‘కారా’ అనే సంస్థ, అమలు చేస్తున్న 2022 నాటి దత్తత నిబంధనల ప్రకారం దంపతుల్లో ఎవరి వయసుకూ బిడ్డ వయసుకూ మధ్య తేడా 25 ఏళ్లకు తగ్గకూడదు. స్వదేశంలో ఉన్నవారికైనా, విదేశంలో ఉన్నవారికైనా ఇదే కొలత. అదే నిబంధనల్లో గరిష్ఠ వయసును మాత్రం బిడ్డ వయసును బట్టి సడలించారు. రెండేళ్లలోపు బిడ్డకు భార్యాభర్తల వయసుల మొత్తం 85 దాటకూడదు, నాలుగేళ్ల లోపైతే 90, ఎనిమిదేళ్ల లోపైతే 100, ఆపైన 110. పెద్ద పిల్లలకు ఇల్లు దొరకడం కష్టమని గ్రహించే పెద్దవయసు దంపతులకు తలుపు ఇంత వెడల్పుగా తెరిచారని నేను అర్థం చేసుకున్నాను, అది న్యాయమే. మరి అదే పిల్లల కోసం ముందుకు వచ్చే చిన్నవయసు దంపతులకు ఆ తలుపు ఎందుకు మూసి ఉంచారు? ఆరేళ్ల పాప కావాలంటే మా అమ్మాయికి 31 ఏళ్లు నిండాలి. పసిపిల్లల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న వాళ్ల వరుసలోకే, ఇష్టం లేకపోయినా, ఈ నిబంధన వీళ్లను నెడుతున్నది.

నాలుగేళ్లు ఆగితే సరిపోతుంది కదా అని బంధువులు అంటున్నారు. ఆగితే వయసు పెరుగుతుంది గాని తేడా పెరగదు. ఈరోజు ఆరేళ్లున్న పాపకూ మా అమ్మాయికీ మధ్య తేడా 21 ఏళ్లు, పదేళ్లు గడిచినా అది 21 ఏళ్లే. ఆ పాప వరకు ఈ నిబంధన ‘ఇప్పుడు కాదు’ అనడం లేదు, ‘ఎప్పటికీ కాదు’ అంటున్నది.

ఉద్యోగ విరమణ చేసినప్పటి నుంచి ఆదివారాలు నేను ఒక బాలసదనానికి వెళ్లి పిల్లలకు లెక్కలు, తెలుగు చెబుతున్నాను. మొన్న ఒక ఆరేళ్ల పాప పలక మీద తన పేరు గుండ్రంగా రాసి, బలపం పైకెత్తి, ‘ఇంటిపేరు ఏం రాయాల టీచరమ్మా?’ అని అడిగింది. పక్కనున్న పిల్ల తన ఇంటిపేరు రాసుకోవడం చూసి అడిగింది, అంతే. చెప్పడానికి నాకు మాట దొరకలేదు.

మన సీమలో 21 ఏళ్ల తేడా వింతేమీ కాదు. మా అమ్మకూ నాకూ మధ్య తేడా 18 ఏళ్లు, మమ్మల్ని అయిదుగురినీ ఆమె చక్కగానే పెంచింది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కూడా తండ్రి ఆడబిడ్డను గాని, తల్లి మగబిడ్డను గాని దత్తత తీసుకునేటప్పుడు 21 ఏళ్ల తేడా ఉంటే చాలన్నది. బంధువుల బిడ్డనైతే ‘కారా’ నిబంధనల్లోనే ఈ వయసు షరతు వర్తించదు. ఊళ్లో పెద్దలు ‘హోమం చేయించి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత పత్రం రాయించుకోండి’ అని సలహా ఇస్తుంటారు గాని, సదనంలోని బిడ్డకు ఆ దారి లేదు. బంధువుల బిడ్డనైనా ‘కారా’ నిరభ్యంతర పత్రం లేకుండా దత్తత పత్రం ఒక్కటే పట్టుకుని విదేశానికి తీసుకుపోవడం కుదరదు. ఈ సంగతి తెలియక ఇబ్బందుల్లో పడేవారి కోసమైనా దీన్ని గట్టిగా చెప్పవలసి ఉంది.

చిన్న వయసువాళ్ల కాపురం నిలుస్తుందో లేదో, రేపు సొంత బిడ్డ పుడితే ఈ బిడ్డను ఎలా చూస్తారో అన్న భయం ఉండవచ్చు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను, ఎందుకంటే పిల్లలను పరాయి దేశాలకు పంపేటప్పుడు ఎంత జాగ్రత్త పడినా ఎక్కువ కాదు. కానీ దానికోసం వేరే కట్టుబాట్లు ఇప్పటికే ఉన్నాయి. కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలి. దేశాల మధ్య జరిగే దత్తతలపై మన దేశం 2003లో ఆమోదించిన అంతర్జాతీయ హేగ్ ఒప్పందం ప్రకారం వాళ్లు నివసించే దేశంలోని గుర్తింపు పొందిన సంస్థ ఇంటికి వచ్చి, ఆదాయం, ఆరోగ్యం, నడవడిక అన్నీ విచారించి నివేదిక ఇవ్వాలి. కలెక్టరు ఉత్తర్వు కావాలి. బిడ్డ వెళ్లాక కూడా మొదటి ఏడాది మూడు నెలలకు ఒకసారి, రెండో ఏడాది ఆరు నెలలకు ఒకసారి యోగక్షేమాల నివేదిక రావాలి. ఇన్ని వడపోతలు దాటిన దంపతులను పుట్టిన తేదీ ఒక్కటి చూసి పక్కన పెట్టడం ఎంతవరకు సబబు? వివరం కనుక్కుందామని ఫోన్ చేస్తే ఒక కార్యాలయంలో ‘ఈ వయసులో మీకేం తొందర, ఇంకా వైద్యం చేయించుకోండి’ అన్నారట. అడగని సలహా అది, పుండు మీద కారం చల్లినట్టు తగిలింది.

పసిపిల్లల విషయంలో 25 ఏళ్ల తేడాను అలాగే ఉంచవచ్చు. నాలుగేళ్లు దాటిన పిల్లలకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మాత్రం దాన్ని 21 ఏళ్లకు తగ్గించాలని కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖను కోరుతున్నాను. కడప, కర్నూలు, అనంతపురం పార్లమెంటు సభ్యులు ఈ విషయాన్ని సభలో ప్రశ్నగా లేవనెత్తాలని మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
ప్రొద్దుటూరు, కడప జిల్లా.