దుంగల లారీ బాబుకు కృతజ్ఞతలు

మా అమ్మాయికి పాప పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. పురిటి కోసం నేను న్యూజిలాండ్‌లోని టౌరంగా వచ్చాను. అల్లుడు మావోరీ, అంటే ఇక్కడి మూలవాసి. వాళ్ల ఆనవాయితీ ప్రకారం బిడ్డ మాయను తాతముత్తాతల నేలలో పూడ్చాలి. మన పల్లెల్లోనూ పెరట్లో పాతేవారు కాబట్టి నాకేం వింతనిపించలేదు. ఆస్పత్రి వాళ్లు అడగ్గానే ఇచ్చారు. ఐస్ పెట్టెలో పెట్టుకుని నేనూ అల్లుడూ వాళ్ల నేల ఉన్న గిస్బోర్న్‌కి బయల్దేరాం.

ఓపోటికి అనే ఊరు దాటాక వైయోయెకా కనుమలో టైరు పేలింది. అక్కడ మాకు ఫోన్ సిగ్నల్ అందలేదు. ఒకటే టెన్షన్. అంతలో దుంగల లారీ ఆపి మీరు దిగారు, జాకీ ఎక్కించి టైరు మార్చేశారు. పనయ్యాక శాండ్‌విచ్ విప్పబోయి, పెట్టెలో ఏముందో అల్లుడు చెప్పగానే ఆ శాండ్‌విచ్ పట్టుకుని లారీ అవతలికి వెళ్లిపోయారు. అంత పవిత్రమైనదాని దగ్గరికి తిండి తీసుకురారట. ముందు వెళ్లి, సిగ్నల్ తగలగానే అల్లుడి నాయనమ్మకు ఫోన్ చేసి, మేం ఆలస్యమైనా క్షేమంగా వస్తున్నామని కబురు చెప్పిందీ మీరే. ఆవిడ ఆ ఫోన్ గురించే ఊరంతా చెప్పుకుంటోంది. నా పులిహోర గురించి ఒక్క ముక్క అనలేదు!

పేరడిగితే నవ్వి చెయ్యి ఊపారు. చాలా థాంక్స్ బాబూ. గిస్బోర్న్ దారిలో దుంగల లారీ నడిపే ఈయన మనవాళ్లెవరికైనా తెలిస్తే, ఈ మాట కాస్త చేరవేయండి.