అల్లిన స్వెటర్లకి ఇక ఆర్డర్లు తీసుకోం, ఎందుకో చెబుతాను

దసరా తర్వాత నుంచి మా షాపులో కొక్కెం సూదితో స్వెటర్లు అల్లి ఇవ్వడం ఆపేస్తున్నాం. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లు టెన్షన్ పడొద్దు, ఒప్పుకున్నవన్నీ దీపావళి లోపల మీ చేతికిస్తాం. కొత్తగా అడిగేవాళ్లకి మాత్రం దారం, సూది, కుట్ల లెక్కలు తెలుగులో రాసిన పుస్తకం కలిపి కిట్టు ఇస్తాం. శనివారం మధ్యాహ్నాలు షాపులోనే కూర్చోబెట్టి నేర్పిస్తాం. ఎప్పటినుంచో నెల్లూరు దర్గామిట్ట దాకా వెతుక్కుంటూ వస్తున్న మీకు ఈ సంగతి వాట్సాప్ స్టేటస్‌లో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవడం బాగుండదు. అందుకే లెక్కలతో సహా రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. మీడియం సైజు కాటన్ స్వెటరుకి దాదాపు ఆరు వందల గ్రాముల దారం పడుతుంది. మేం తెప్పించే రకం వంద గ్రాముల ఉండ నూట యాభై రూపాయలు, అంటే దారానికే తొమ్మిది వందలు. చెయ్యి తిరిగిన మనిషి అల్లినా ముప్పై అయిదు గంటల పని. గంటకి ఎనభై రూపాయల చొప్పున కూలి 2,800. ఆ ఎనభై కూడా తక్కువేనని మా అల్లిక అక్కలు అంటారు, నేను కాదనను. అక్కడికే 3,700 అయింది. షాపు అద్దె, కరెంటు, నా కష్టం ఇంకా అందులో లేవు. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయలు దాటిన దుస్తుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 18కి పెరిగింది. అన్నీ కలుపుకుంటే బిల్లు అయిదు వేల దగ్గర తేలుతుంది.

"చిన్నబజారులో ఆరొందలకే స్వెటరు వస్తా ఉంటే మీ దగ్గర అయిదు వేలేంది మేడమ్?" అని అడిగేవాళ్ల మీద నాకేం కోపం లేదు. బజారు స్వెటరు మిషను మీద అల్లింది. మనం కొక్కెం సూదితో అల్లే క్రోషా వేరు, అది ఇప్పటికీ చేత్తోనే సాగే పని. అచ్చమైన క్రోషా స్వెటరు ఎక్కడైనా మరీ చవగ్గా కనిపించిందంటే, దాన్ని అల్లిన ఆడమనిషికి కూలి సరిగ్గా ముట్టలేదని అనుకోవాల్సిందే. ఆ ధరకి అమ్మడం నావల్ల కాదు. అదే మీ చేత్తో మీరు అల్లుకుంటే ఖర్చు కిట్టు వరకే. కొత్తవాళ్లకి యాభై, అరవై గంటలు పట్టొచ్చు. అది టీవీ ముందు, బస్సులో, పిల్లల ట్యూషన్ బయట ఎదురుచూస్తూ గడిచిపోయే టైమే కదా.

నెల్లూరు ఎండలకి స్వెటరేంటని నవ్వేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. రోహిణి కార్తెలో నేనూ నవ్వుతాను. కానీ మా దగ్గర కొనేవాళ్లలో చాలామంది బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లల కోసం, ధనుర్మాసంలో తిరుమల క్యూలైన్లో చలికి వణికే పెద్దవాళ్ల కోసం, రోజంతా ఏసీ కింద కూర్చునే బ్యాంకు ఉద్యోగం కోసం కొంటున్నారు. వీళ్లెవరికీ మంచు కొండల స్వెటరు అక్కర్లేదు. గాలి ఆడుతూ, కాస్త కప్పి ఉంచే కాటన్ చాలు.

ఇక కిట్టులో మార్పు. ఇంతకుముందు ఇచ్చిన పాత కిట్టులో వెనక భాగం, ముందు భాగం, రెండు చేతులు విడివిడిగా అల్లి చివర్లో కలిపి కుట్టాలి. అల్లడం వరకూ అందరూ బాగానే చేశారు. కుట్టే దగ్గరికొచ్చి ఆగిపోయారు. ఎవరెవరి బీరువాల్లో ఆ నాలుగు ముక్కలు కవర్లో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయో నాకు తెలుసు, పేర్లు చెప్పను. కొత్త కిట్టులో స్వెటరు మెడ దగ్గర మొదలై కిందికి దిగుతుంది, ముక్కలు కలిపి కుట్టే పనే లేదు. అంతకన్నా ముఖ్యం, మధ్యలో ఎప్పుడు కావాలంటే అప్పుడు తొడుక్కుని అద్దంలో చూసుకోవచ్చు. బిగుతైందో వదులైందో సగంలోనే తెలిసిపోతుంది, నచ్చకపోతే నాలుగు రౌండ్లు విప్పి సరిచేసుకుంటారు.

ఛాతీ 36 అంగుళాలున్నవాళ్లకి లెక్క ఇలా ఉంటుంది. నాలుగున్నర మిల్లీమీటర్ల సూదితో 82 చైన్లు (గొలుసు కుట్లు) వేసి, మెలిక పడకుండా చూసుకుని గుండ్రంగా కలపాలి. చుట్టుకొలత దాదాపు 22 అంగుళాలు వస్తుంది, తల సులువుగా దూరుతుంది. క్రోషా మిషను స్వెటరులా సాగదు, మెడ దగ్గర మొహమాటపడి చైన్లు తగ్గించొద్దు. ఆ 82లో వెనక్కి 30, ఒక చేతికి 9, ముందుకి 30, రెండో చేతికి 9 పోతే మిగిలినవి నాలుగు. అవే నాలుగు మూలలు. వాటికి పిన్నీసులు పెట్టేయండి, రౌండు రౌండుకీ పిన్నీసు కూడా పైకి మారుస్తూ ఉండాలి. మామూలు చోట కుట్టుకి ఒక డబుల్, అంటే సూదికి ఒకసారి దారం చుట్టి అల్లే పొడవు కుట్టు. మూల వచ్చినప్పుడు మాత్రం ఒకే చోట ఒక డబుల్, ఒక చైన్, మళ్లీ ఒక డబుల్. మూలకి రెండు చొప్పున రౌండుకి ఎనిమిది కుట్లు పెరుగుతాయి. డిజైనంతా ఇంతే. 18 రౌండ్లు పూర్తయ్యేసరికి వెనక 66, ముందు 66, చేతులు ఒక్కోటి 45 కుట్లు అవుతాయి, లోతు తొమ్మిది అంగుళాలు దిగుతుంది. చంక దాకా వచ్చేశారన్నమాట.

కొత్తవాళ్లు ఫోన్ చేసేది ఇక్కడే. వెనక భాగం అల్లుతూ మూలకి చేరాక చేతి తాలూకు 45 కుట్లనీ ముట్టుకోకుండా వదిలేసి, 8 చైన్లు వేసి, అవతలి మూల నుంచి ముందు భాగం అందుకోవాలి. రెండో చంక దగ్గరా అదే పని. వదిలేసిన చేతులు చూస్తే ఊడిపోతాయేమోనని భయం వేస్తుంది. రెండు పుల్లలతో అల్లేదానిలో అయితే కుట్లు జారతాయి గానీ, క్రోషాలో ఏ కుట్టుకి ఆ కుట్టు ముడిపడే ఉంటుంది, జారదు. ఇప్పుడు ఒంటికి 148 కుట్లు, దాదాపు 39న్నర అంగుళాల చుట్టుకొలత. పెంచేదీ తగ్గించేదీ లేకుండా కావాల్సిన పొడవు వరకూ గుండ్రంగా అల్లుకుంటూ పోవడమే. తర్వాత చంక దగ్గర దారం ముడేసి, వదిలిన 45, చంక చైన్ల మీద 8, మొత్తం 53 కుట్లతో ఒక్కో చెయ్యి దింపుకోవాలి. మణికట్టు వైపు సన్నం కావాలంటే కొన్ని రౌండ్లకోసారి చంక కింద రెండేసి కుట్లు తగ్గించండి. చంక మూలలో చిన్న కన్నం మిగులుతుంది. అది మీ తప్పు కాదు, అందరికీ వస్తుంది. చెయ్యి మొదలుపెట్టినప్పుడు వదిలిన దారం కొసతో రెండు కుట్లేసి మూసేయండి.

ప్రతి రౌండూ కలిపాక పనిని తిప్పి, వచ్చిన దారినే వెనక్కి అల్లమని పుస్తకంలో రాశాం. ఎప్పుడూ ఒకే వైపు అల్లుతూ పోతే రౌండ్లు కలిసే చోటు వాలుగా జరిగిపోయి, వెనక ఉండాల్సిన గీత నడుము పక్కకి వచ్చేస్తుంది. ఒంటికి తిప్పి, చేతులకి తిప్పకపోతే రెండిటి అల్లిక రెండు రకాలుగా కనిపిస్తుంది. ఇది మాత్రం చాలామంది పట్టించుకోరు.

ఇంత చెప్పినా, ఈ అంకెలన్నీ నాలుగు అంగుళాల్లో 15 కుట్లు, 8 వరసలు పడితేనే నిజం. మీకు 14 పడ్డాయనుకోండి, అవే 148 కుట్లు 42 అంగుళాలు దాటుతాయి. ఒక్క కుట్టు తేడాకి దాదాపు మూడు అంగుళాలు! అందుకే ముందు అరచేతిని మించిన చదరపు ముక్క ఒకటి అల్లి, ఉతికి, ఆరాక కొలవమంటాం. కుట్లు ఎక్కువ పడితే పెద్ద సూది, తక్కువ పడితే చిన్న సూది తీసుకోండి. షాపుకి తెస్తే సూది మార్చి ఇస్తాం, దానికి డబ్బులు తీసుకోం. లేసు అల్లి అలవాటున్న పెద్దవాళ్లకి ఒక మాట. మిషనరీల దగ్గర నేర్చుకుని తరతరాలుగా అల్లుతున్న నరసాపురం లేసు, 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతం సరుకని ఇచ్చే ముద్ర) వచ్చిందే, అదంతా సన్నని నూలు, బిగువైన చెయ్యి. ఆ చేత్తో లావు దారం పడితే స్వెటరు అట్టలా బిగుసుకుపోతుంది. మీరు మొదటి నుంచే అయిదు మిల్లీమీటర్ల సూది తీసుకోండి.

వీడియోలు చూసి అల్లేవాళ్లు, చెప్పేది అమెరికా పద్ధతా, బ్రిటిష్ పద్ధతా అని ముందు చూసుకోండి. అమెరికాలో సింగిల్ అన్నదాన్నే బ్రిటన్‌లో డబుల్ అంటారు. మా పుస్తకమంతా అమెరికా పద్ధతి.

కాటన్ గురించి దాచకుండా చెప్పాలంటే, అది బరువు. ఆరు వందల గ్రాములు భుజాల మీంచి వేలాడితే పొడవు సాగుతుంది. కాబట్టి మీకు కావాల్సిన పొడవుకి ఒక అంగుళం ముందే ఆపండి. ఉతికాక దండెం మీద వేయొద్దు, తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి. అక్టోబరు, నవంబరు ముసురుల్లో అది ఒక పట్టాన ఆరదు, ఫ్యాను కింద పెట్టాల్సిందే. తేలిగ్గా ఉండాలి, త్వరగా ఆరాలి అనుకుంటే ఆక్రిలిక్ కిట్టు కూడా ఉంది. మన దగ్గర ఊలు పేరుతో అమ్మేది ఎక్కువగా అదే, గొర్రె ఉన్ని కాదు. వెచ్చగా ఉంటుంది, కానీ మన ఊళ్లో వేసుకుంటే చెమట పీల్చదు. పొరపాటున ఇస్త్రీ పెట్టె తగిలిందంటే సాగి మెత్తబడిపోతుంది, మళ్లీ మామూలు కాదు. బెంగళూరు పంపేవాళ్లు తీసుకోవచ్చు గానీ, ఇక్కడ వాడుకోవడానికి నేనైతే ఇవ్వను. ఆక్రిలిక్ దారం మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తేడా ముప్పై చిల్లర రూపాయలే అయినా కిట్టు ధరలోంచి తీసేశాం.

కాటన్ కిట్టు 1,150 రూపాయలు. అందులో ఆరు ఉండలు, సూది, పిన్నీసులు, పుస్తకం ఉంటాయి. ఆరు ఉండలూ ఒకే రంగు లాట్‌వి, అంటే ఒకేసారి రంగు అద్దినవి ఇస్తాం. లేబుల్ మీద లాట్ నంబరు ఉంటుంది, దాన్ని పారేయొద్దు. అదే రంగైనా వేరే లాట్ అయితే పొట్ట దగ్గర పట్టీ వేసినట్టు తేడా కొడుతుంది. ఒకవేళ దారం చాలకపోతుందేమోనని మీ లాట్‌లోంచి ఒక ఉండ సంక్రాంతి దాకా పక్కన పెట్టి ఉంచుతాం. మిగిలిన ఉండ విప్పకుండా, లేబుల్‌తో తెస్తే డబ్బు వాపసు ఇస్తాం. సగం వాడినది మాత్రం తీసుకోలేం.

క్లాసు ఫీజు నాలుగు శనివారాలకి ఆరు వందలు. నాలుగు వారాల్లో స్వెటరు పూర్తవుతుందని మాత్రం మాట ఇవ్వను. చంక దాటించి, ఒక చెయ్యి మొదలుపెట్టించే దాకా మా బాధ్యత. ఆ తర్వాత ఇరుక్కుంటే ఎప్పుడైనా పట్టుకుని రండి. బల్ల చుట్టూ ఎనిమిదిమందికే చోటుంది, ముందు ఫీజు కట్టినవాళ్లకే సీటు.

కావలి, ఆత్మకూరు వైపు నుంచి రాలేనివాళ్లకి స్పీడ్ పోస్టులో పంపుతాం. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబర్ 1 నుంచి స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది, దాన్ని ప్రత్యేకంగా అడగొద్దు. ఆర్డరుతో పాటు కొలతలు రాసి పంపండి. టైలరుకి ఇచ్చినట్టు ఆది జాకెట్టు పంపుతున్నారు కొంతమంది, అది ఒంటికి అతుక్కుని ఉంటుంది, స్వెటరుకి పనికిరాదు. మీకు హాయిగా, వదులుగా ఉండే కుర్తీ ఒకటి నేల మీద పరిచి, చంక కింద ఈ అంచు నుంచి ఆ అంచుకి ఎంతుందో, భుజం నుంచి ఎక్కడిదాకా పొడవు కావాలో కొలిచి, ఆ రెండంకెలూ రాయండి చాలు.